బెండకాయకి పెట్టండి, అరటికాయకి వద్దు

ప్రశ్న: అమ్మగారూ, మాది గుంటూరు బ్రాడీపేట. పాపకి మూడేళ్లు. మా వీధి చివర కొత్తగా ఆర్గానిక్ కొట్టు పెట్టారు. ఏది పట్టుకున్నా రెట్టింపు ధర. పాప కోసమైనా అక్కడే కొందామని నాకుంది. మావయ్యగారేమో అదంతా మోసమంటున్నారు. అన్నీ అక్కడే కొనే స్థోమత మాకు లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అన్నీ అక్కడ కొనక్కర్లేదు తల్లీ. మా పుట్టింటివాళ్లు కంకిపాడు దగ్గర కూరగాయలు పండిస్తారు, తోటలో చూసిందే చెబుతున్నాను. బెండకాయని రోజు విడిచి రోజు కోయాలి, లేకపోతే ముదిరిపోతుంది. మందు కొట్టాక ఇన్నాళ్లు ఆగి కోయాలని డబ్బా మీద రాసే ఉంటుంది, కానీ కాయ ఆగదు. సోమవారం కొడితే బుధవారం కోతకొస్తుంది. వంకాయలో పురుగు లోపలికి దూరిందంటే ఇక మందు అందదు, అందుకని ముందుగానే మళ్లీ మళ్లీ కొడతారు. రైతునేం అంటాం? చిన్న పుచ్చు కనిపిస్తే ఏరి పక్కన పడేసేది మనమే.

అందుకే మీ డబ్బు ముందు బెండ, వంకాయ, టమాటా, పచ్చిమిర్చి, ఆకుకూరలు, ద్రాక్ష మీద పెట్టండి. ఉల్లి, అరటి, గుమ్మడి, బొప్పాయి, పుచ్చకాయ మామూలువే చాలు, వాటి తొక్క ఎలాగూ తీసేస్తాం. మామిడికి మాత్రం మాగబెట్టిన తీరు చూడాలి. కార్బైడ్ నిషేధమే అయినా వాడేవాళ్లున్నారు. పచ్చికాయలు తెచ్చి ఇంట్లోనే గడ్డిలో మాగేసుకోండి.

కరివేపాకు అసలు కొనకండి. పెదవడ్లపూడి వైపు ఎకరాలకెకరాలు తోటలున్నాయి, ఆకు మీద మచ్చ ఉంటే బేరం రాదు, కాబట్టి మందు తప్పదు. కుండీలో ఒక మొక్క వేస్తే మీ ఇంటికి సరిపోతుంది.

గుంటూరువాళ్లు కూడా తేలిగ్గా తీసుకునేది ఎండుమిర్చి. దాన్ని కడగం, తొక్క తీయం, రోజూ తింటాం. ఏడాదికి ఒక్కసారి కొనేదే కదా, కారం పట్టించేటప్పుడు ప్రకృతి సేద్యం చేసే రైతు దగ్గర తీసుకోండి. 2016 నుంచి మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ అనే ప్రభుత్వ సంస్థ ఈ సేద్యం చేయిస్తోంది. దాని ఆఫీసు మీ ఊళ్లోనే ఉంది, వెళ్లి కనుక్కోండి.

మామూలు కూరగాయల్ని ధారగా పడే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగండి. పైనున్నది చాలావరకు పోతుంది, మొక్క లోపలికి పీల్చుకున్న మందు మాత్రం పోదు. అలాగని ఆర్గానిక్ దొరకలేదని పాపకి కూర తగ్గించకండి, దానివల్ల నష్టమే ఎక్కువ.

మావయ్యగారి అనుమానం ఊరికే వచ్చింది కాదు. ప్యాకెట్ మీద ఆర్గానిక్ సరుకుకిచ్చే జైవిక్ భారత్ లాంటి ప్రభుత్వ గుర్తుందో లేదో చూడండి. చిన్న రైతు నేరుగా మనకే అమ్మితే ఆ గుర్తు తప్పనిసరి కాదు, కొట్టువాడికి ఆ వీలు లేదు. ఈసారి ఆయన్నే వెంటబెట్టుకెళ్లి, ఈ బెండకాయ ఏ ఊరిది, ఏ రైతుది, పురుగు పడితే ఏం కొడతాడు అని అడగమనండి. వేపకషాయమో, వేపాకూ ఆవు పేడా మూత్రం కలిపి చేసే నీమాస్త్రమో పేరు చెప్పి, రైతు ఫోన్ నంబరు ఇచ్చేవాడైతే బెండా వంకాయా అక్కడే కొనండి. మాట దాటేస్తే రైతుబజారుకే వెళ్లండి.