బిడ్డ ప్రాణంతో పుట్టిందా లేదా అన్నది సీటీ స్కాన్ తేల్చగలదా?

పుట్టిన వెంటనే చనిపోయిన బిడ్డ విషయంలో సీటీ తీస్తే ఊపిరితిత్తుల్లో గాలి కనబడుతుంది కదా, దాంతో ప్రాణంతో పుట్టినట్టు తేలిపోదా అని అడిగారు. తేలదు. 17వ శతాబ్దం నుంచి ఊపిరితిత్తిని నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూస్తున్నారు. తేలితే లోపల గాలి ఉన్నట్టే, కానీ ఆ గాలి ఊపిరి తీయడం వల్లే వచ్చిందని చెప్పలేం. ఆ లోపమే సీటీకీ ఉంది. కాకపోతే సీటీలో గాలి ఒంట్లో ఇంకా ఎక్కడెక్కడ ఉందో కూడా కనిపిస్తుంది. దాని అసలు ఉపయోగం అదే.

అందుకే స్కాన్ పోస్టుమార్టం కోత పడకముందే తీయాలి. కోత పడ్డాక బయటిగాలి లోపలికి చేరుతుంది, ఇక ఏ గాలి ఎక్కడిదో చెప్పలేం. నోట్లో ట్యూబు, బొడ్డులో మందులు ఎక్కించే సన్నటి గొట్టం (లైను) ఉంటే పీకేయకూడదు. తల నుంచి కాలివేళ్ల దాకా, స్లైసు మందం 1 మి.మీ. మించకుండా తీసి, ఎముకలకు ఒకటి, మెత్తటి కణజాలానికి ఒకటి చొప్పున రెండు రకాల చిత్రాలు తయారు చేయాలి. రేడియేషన్ డోసు గురించి ఇక్కడ వెనకాడాల్సిన పని లేదు.

ఊపిరి తీయని బిడ్డ ఊపిరితిత్తులు సీటీలో కాలేయంలాగే గట్టిగా, ఒకే రంగులో కనిపిస్తాయి. గుండె అంచు ఎక్కడుందో కూడా పోల్చుకోలేం. ఊపిరి తీస్తే గాలి శ్వాసనాళాల కొమ్మల వెంట ఊపిరితిత్తి అంచులదాకా పరుచుకుంటుంది. మింగిన గాలి నిమిషాల్లోనే పొట్టలోకి చేరుతుంది, పెద్దపేగుదాకా వెళ్లడానికి గంటలు పడుతుంది. ఊపిరితిత్తుల్లోనూ పొట్టలోనూ గాలి ఉండి, మరెక్కడా లేకపోతే ఊపిరి తీసిందనడానికి బలం వస్తుంది.

అయితే మాస్కుతో గాలి కొట్టి బతికించే ప్రయత్నం చేసినా ఊపిరితిత్తుల్లోకీ పొట్టలోకీ గాలి ఇలాగే వెళ్తుంది. దేహం కుళ్లడం మొదలైనా వాయువు పుడుతుంది. కాబట్టి ఊపిరితిత్తులకంటే ముందు నేను కాలేయం చూడమంటాను. కాలేయం రక్తనాళాల్లో సన్నటి నల్లటి కొమ్మల్లా గాలి, గుండె గదుల్లో గాలి, కండరాల పొరల మధ్య గాలి కనిపిస్తే ఊపిరితిత్తుల్లోని గాలిని ఆధారంగా లెక్కించకూడదు. గాలి లేనంత మాత్రాన ఊపిరి తీయలేదనీ అనలేం. నెలలు నిండని ఊపిరితిత్తులు, న్యుమోనియా, చనిపోయాక చేరే ద్రవం, ఇవన్నీ గాలిని కనబడనీయవు.

నెలలు నిండాయో లేదో అంచనాకు మోకాలు చూస్తారు. తొడ ఎముక కింది కొనలో ఎముక గింజ (మెత్తటి కొన ఎముకగా గట్టిపడటం మొదలయ్యే చోటు) సుమారు 36 వారాలకు, కాలి ఎముక పైకొనలో సుమారు 38 వారాలకు కనబడుతుంది. ఎదుగుదల కుంటుపడిన బిడ్డల్లో ఇవి ఆలస్యమవుతాయి.

ఎముకలు విరిగాయా అని చూడటానికి ఒళ్లంతా ఒకే ఎక్స్-రే ఫిల్ములో తీయడం దయచేసి మానండి. కొనల దగ్గర కిరణాలు ఏటవాలుగా పడి, చిన్న పగుళ్లు తప్పిపోతాయి. ప్రతి అవయవానికీ విడిగా, పక్కటెముకలకు రెండువైపులా ఏటవాలుగా కూడా తీయాలి. విరిగిన ఎముక చుట్టూ కొత్త ఎముక ఎక్స్-రేలో కనబడటానికి వారం, పది రోజులు పడుతుంది. రెండురోజుల బిడ్డ అని చెప్పి తెచ్చినప్పుడు అది కనిపిస్తే, చెప్పిన వయసు తప్పయినా కావాలి, లేదా ఎముకలు పెళుసుబారే జబ్బువల్ల గర్భంలోనే విరిగి ఉండాలి. పుర్రెలో గీత కనబడగానే పగులు అని రాసేయకండి. వంకర టింకరగా, రెండువైపులా ఒకేలా ఉండే గీత చాలాసార్లు పుట్టుకతో ఉన్న అదనపు అతుకే.

సీటీలో తలలోని పెద్ద సిరలు తెల్లగా కనిపించినా కంగారు వద్దు, పసికందు రక్తం చిక్కగా ఉంటుంది. తల వెనకభాగంలో పలుచటి రక్తపు పొర మామూలు కాన్పులో కూడా వస్తుంది. ముక్కూ నోరూ మూసి ఊపిరాడకుండా చేయడం మాత్రం ఏ స్కాన్‌లోనూ గుర్తు వదలకపోవచ్చు.

రిపోర్టులో "ఊపిరి తీసింది" అని కాక "ఊపిరితిత్తుల్లో, పొట్టలో గాలి ఉంది, కాలేయం నాళాల్లో లేదు" అని కనిపించింది కనిపించినట్టు రాయాలి. ఆ గాలికి అర్థం చెప్పాలంటే బిడ్డ దొరికిన సమయం, ఎక్కడ ఎంతసేపు ఉంచారు, ఎవరైనా గాలి కొట్టారా, ఛాతీ నొక్కారా అన్న వివరాలు స్కాన్ అభ్యర్థనతోపాటే రేడియాలజిస్టుకు అందాలి.