వడిసెలలో పెట్టిన చెరువు కట్ట

మట్టి కట్టలు, ఊటనీరు, సెంట్రిఫ్యూజ్ (ఇరుసు చుట్టూ వేగంగా తిప్పే యంత్రం) పరీక్షల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు.

ప్రశ్న: అడుగు ఎత్తు నమూనా కట్టను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, యాభై అడుగుల కట్ట ఎలా ఉంటుందో చెప్పొచ్చు అంటారు. అదే నమూనాను బల్ల మీద పెట్టి నీళ్లు నింపి చూస్తే చాలదా? – సివిల్ విద్యార్థిని, వరంగల్

జవాబు: చాలదమ్మా. మట్టి బలం దాని మీద ఎంత బరువు ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. గట్టిగా కూరిన ఇసుకను తక్కువ బరువు కింద కోతకు గురిచేస్తే రేణువులు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, ఇసుక ఉబ్బి, ఉన్నదానికన్నా బలంగా కనిపిస్తుంది. పైన బరువు ఎక్కువైతే అంత సులువుగా ఎక్కలేవు. అందుకే బల్ల మీది కట్ట మనకు లేని ధైర్యం ఇస్తుంది.

లెక్క చూడండి. నీరు పట్టిన మట్టి 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే అడుగున ఒత్తిడి సుమారు 6 కిలోపాస్కల్. 15 మీటర్ల కట్ట అడుగున అది 300. నమూనాను 50 జి దగ్గర, అంటే భూమి ఆకర్షణకు 50 రెట్ల లాగుడు వచ్చేలా తిప్పితే ఆ 300 వచ్చేస్తుంది. వడిసెలలో రాయి పెట్టి తిప్పేటప్పుడు చేతిని లాగే లాగుడే ఇక్కడ ప్రతి ఇసుక రేణువు మీదా పనిచేస్తుంది. దీనికి వేగం మరీ ఎక్కువేం అక్కర్లేదు. 4 మీటర్ల వ్యాసార్ధం ఉంటే నిమిషానికి దాదాపు 106 చుట్లు చాలు. ఆ వ్యాసార్ధాన్ని నమూనా పైభాగం నుంచి మూడో వంతు లోతుకు కొలవాలి. అలా కొలిస్తే 30 సెంటీమీటర్ల నమూనాలో ఒత్తిడి తేడా ఎక్కడా 1.25 శాతం దాటదు.

ఈ ఆలోచనను 1869లో ఫ్రాన్స్‌లో ఎదువార్ ఫిలిప్స్ మొదట చెప్పాడు. 1931లో అమెరికాలో ఫిలిప్ బకీ గని పైకప్పుల నమూనాలు తిప్పి చూశాడు. దాదాపు అదే కాలంలో సోవియట్ దేశంలో పొక్రోవ్‌స్కీ, దవిదెన్‌కోవ్ మట్టి నమూనాలతో ఇదే పనికి దిగారు.

ప్రశ్న: ఏళ్ల తరబడి సాగే ఊట గంటల్లో అయిపోతుందట. ఎన్ జి దగ్గర తిప్పితే కాలం ఎన్ రెట్లు తగ్గుతుందా, ఎన్ స్క్వేర్ రెట్లా? పుస్తకాల్లో రెండూ కనిపిస్తున్నాయి. – ఎం.టెక్. పరిశోధకుడు, కాకినాడ

జవాబు: రెండూ నిజమే, వేరువేరు పనులకు. ఊటకు, బంకమట్టి కుదించుకోవడానికి ఎన్ స్క్వేర్. నీరు నడిచే దారి ఎన్ రెట్లు చిన్నది, నడిచే వేగం ఎన్ రెట్లు ఎక్కువ, కాబట్టి పట్టే కాలం ఎన్ స్క్వేర్ వంతుకు పడిపోతుంది. 100 జి దగ్గర 30 ఏళ్ల ఊట 26 గంటల చిల్లరలో అవుతుంది. మట్టి పారగమ్యత (నీటిని పోనిచ్చే గుణం) పెరిగిందనుకోవాలా, హైడ్రాలిక్ గ్రేడియంట్ (నీటిని నడిపే వాలు) పెరిగిందనుకోవాలా అన్న వాదన ఉంది. ఏ పద్ధతైనా ఫరవాలేదు, ఎన్‌ను ఒక్కచోటే వేయండి. రెండుచోట్లా వేసి ‘వేగం ఎన్ స్క్వేర్ రెట్లు’ అని రాసిన థీసిస్ మొత్తం తప్పుతుంది.

భూకంపం ఊపుకు మాత్రం కాలం ఎన్ రెట్లే తగ్గుతుంది. చిక్కంతా ఇక్కడే. 50 జి దగ్గర ఊపు 50 రెట్లు త్వరగా సాగుతుంటే నీరు 2,500 రెట్లు త్వరగా తప్పించుకుంటుంది. పోర్ ప్రెషర్ (రేణువుల సందుల్లోని నీటి ఒత్తిడి) పెరగాల్సినంత పెరగదు, ద్రవీకరణ కావాల్సిన, అంటే ద్రవంలా మారాల్సిన ఇసుక నిలబడిపోతుంది. నీటికి బదులు 50 రెట్లు చిక్కటి ద్రవం వాడితే రెండు కాలాలూ కలుస్తాయి. సిలికాన్ నూనె వాడొచ్చు. శుభ్రం చేసుకోవడం సులువని మేం చెప్పేది హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్ అనే, నీటిని చిక్కబరిచే పొడి.

2 శాతం ద్రావణానికి 20 డిగ్రీల దగ్గర 50 సెంటీపాయిజ్, అంటే నీటికి 50 రెట్ల చిక్కదనం ఇచ్చే గ్రేడ్ తీసుకోండి. 10 లీటర్లకు సుమారు 200 గ్రాముల పొడి పడుతుంది. చన్నీళ్లలో ఒక్కసారిగా పోస్తే బియ్యప్పిండిలాగే ఉండలు కడుతుంది, బయట జిగురు, లోపల పొడి పొడి. మూడో వంతు నీటిని 85–90 డిగ్రీలకు కాచి, అందులో పొడి చల్లుతూ కలపండి. వేడినీటిలో అది కరగదు, విడివిడిగా పరుచుకుంటుంది. తర్వాత మిగతా చల్లటి నీరు పోస్తే చల్లారేకొద్దీ కరిగి చిక్కబడుతుంది. బుడగలు పోవడానికి రాత్రంతా ఉంచండి. పరీక్ష గది ఉష్ణోగ్రత దగ్గరే చిక్కదనం కొలవండి, వేడెక్కితే పలచబడుతుంది. రోజులు నిలవ ఉంచాలంటే కొద్దిగా బెంజోయిక్ ఆమ్లం వేయాలి, లేకపోతే సూక్ష్మజీవులు చేరతాయి.

ప్రశ్న: చెరువు కట్ట నమూనాలో కట్టలోంచి రావాల్సిన నీరు పెట్టె గోడ పక్క నుంచి కారిపోతోంది. పైగా పీజోమీటర్ (మట్టిలోని నీటి ఒత్తిడి కొలిచే సాధనం) రీడింగులు ఒకదానికొకటి పొసగడం లేదు. – పరిశోధక విద్యార్థి, తిరుపతి

జవాబు: గోడకూ మట్టికీ మధ్య వెంట్రుకంత సందున్నా 50 జి దగ్గర అదే నీటికి రాచబాట. కట్ట కట్టేటప్పుడే గోడ వెంట బెంటొనైట్ (నీటికి ఉబ్బే బంకమట్టి) ముద్దను సన్నటి పొరగా రాసి, దాని మీదికి మట్టిని అదిమి కూరండి. అద్దం వైపు పలచగా సిలికాన్ గ్రీజు చాలు. మందంగా పూస్తే కట్ట జారే తీరే మారిపోతుంది.

రీడింగుల సంగతికి వస్తే, ముందు గాలిని అనుమానించండి. పోర్ ప్రెషర్ సెన్సర్ మూతి దగ్గరున్న పోరస్ (సన్నటి రంధ్రాలున్న) రాయిలో బుడగ చిక్కుకుంటే అది నీటి ఒత్తిడిని ఆలస్యంగా చూపిస్తుంది. రాయిని గాలి తీసిన నీటిలో, వాక్యూమ్ కింద నానబెట్టి, నీటిలోనే బిగించాలి. ఇసుక నమూనాకైతే ముందు వాక్యూమ్ పెట్టి, కార్బన్ డయాక్సైడ్ పంపి, మళ్లీ వాక్యూమ్, ఇలా రెండు మూడుసార్లు చేశాక అడుగు నుంచి నెమ్మదిగా ద్రవం ఎక్కించండి. మిగిలిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగిపోతుంది, గాలి అంత సులువుగా కరగదు. తొందరపడి ఎక్కిస్తే ఇసుక ఉడికినట్టు పొంగి, మీరు శ్రద్ధగా కూరిన సాంద్రత పోతుంది.

ఇంకో కారణాన్ని చాలామంది మరిచిపోతారు. తిరిగే పెట్టెలో నీటి మట్టం సమతలం కాదు, ఇరుసు చుట్టూ వంపు తిరిగిన మట్టం. 4 మీటర్ల వ్యాసార్ధంలో, తిరిగే దిశలో 70 సెంటీమీటర్ల పొడవున్న పెట్టెలో, అంచుల దగ్గర నీరు మధ్యకన్నా 15 మిల్లీమీటర్లు పైకి ఉంటుంది. 50 జి లెక్కలో అది అసలు కట్టకు ముప్పాతిక మీటరు. పీజోమీటర్లు ‘పొసగకపోవడం’ చాలాసార్లు ఇదే. ఊట దిశ ఇరుసుకు సమాంతరంగా ఉండేలా పెట్టె పెడితే ఈ బాధ తప్పుతుంది. కుదరకపోతే ప్రతి సెన్సర్‌కూ దాని వ్యాసార్ధంతోనే లెక్క కట్టండి.

చెరువు వైపు నీటిని కావాల్సిన జి చేరాకే నింపండి. 10, 20, 30 అంటూ మెట్లు మెట్లుగా ఎక్కుతూ, ప్రతి మెట్టు దగ్గరా పోర్ ప్రెషర్ నిలకడగా ఉండేదాకా ఆగండి. పెట్టెకు మూత తప్పదు, గదిలోని గాలి హోరుకు పైమట్టి ఎండి పగులుతుంది.

ముతక ఇసుక వాడుతుంటే రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం నెమ్మదిగా, క్రమంగా సాగుతోందో లేదో చెప్పే అంకె) చూసుకోండి. అర మిల్లీమీటరు రేణువు, సెకనుకు ఒక మిల్లీమీటరు పారగమ్యత, 0.3 గ్రేడియంట్ అనుకుందాం. నేల మీద అది 0.15. 50 జి దగ్గర నీటితోనే నడిపితే 7.5 అవుతుంది. ఒకటి దాటాక, గ్రేడియంట్ ఎంత పెరిగితే నీటి వేగం అంత పెరుగుతుందనే డార్సీ సూత్రాన్ని కళ్లు మూసుకుని నమ్మకూడదు. ఇక్కడ కూడా చిక్కటి ద్రవమే దారి.

ప్రశ్న: ఈ పరీక్షలు మన దేశంలో ఎక్కడ చేస్తారు? – పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఐఐటీ బొంబాయిలో 4.5 మీటర్ల వ్యాసార్ధంతో పెద్ద బీమ్ సెంట్రిఫ్యూజ్ (పొడవాటి చేయి చివర పెట్టెను తిప్పేది) ఉంది. 100 జి దగ్గర 2.5 టన్నులు, 200 జి దగ్గర 625 కిలోలు మోస్తుంది.

ప్రశ్న: మా మట్టి పరీక్షా కేంద్రంలో బల్ల మీద పెట్టే చిన్న సెంట్రిఫ్యూజే ఉంది. దానితో ఏమైనా ఉపయోగం ఉందా? – ల్యాబ్ టెక్నీషియన్, గుంటూరు

జవాబు: ఉందండి. కట్ట నమూనాకు పనికిరాదు కానీ, మట్టి నీటిని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెబుతుంది. 1907లో అమెరికా వ్యవసాయ శాఖలో బ్రిగ్స్, మెక్‌లేన్ వాడుకలోకి తెచ్చిన ‘తేమ తుల్యత’ పరీక్ష అదే. అడుగున చిల్లులున్న పింగాణీ మూసలో తడి వడపోత కాగితం పరిచి, పొడి చేసిన మట్టి 5 గ్రాములు వేసి, అడుగు నుంచి నీరు పీల్చుకునేలా నానబెట్టి, రాత్రంతా తేమగదిలో ఉంచాలి. తర్వాత 1,000 జి దగ్గర ఒక గంట తిప్పి, తూచి, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ తూచాలి. ఇరుసు నుంచి మట్టి గరిమనాభికి 10 సెంటీమీటర్లుంటే నిమిషానికి దాదాపు 3,000 చుట్లు. కప్పు అడుగుకు కొలిచి లెక్కేయకండి, జి తప్పుతుంది. ఎదురెదురు కప్పుల బరువు తూచి సమానం చేయనిదే మూత వేయొద్దు.

మీ ప్రాంతపు నల్లరేగడితో ఒక జాగ్రత్త. అది ఉబ్బి కాగితం దగ్గర దారి మూసేస్తుంది, గంట తిప్పాక కూడా పైన నీరు తేలుతూ కనిపిస్తుంది. ఆ నీటిని వంచేసి మామూలు అంకె రాసేయకండి. ‘నీరు నిలిచింది’ అని ఫలితం పక్కనే రాయండి. కట్టకు ఆ మట్టి వాడాలా వద్దా అని చూసే ఇంజనీరుకు అంకెకన్నా ఆ మాటే ఎక్కువ అవసరం.