పాత కథీడ్రల్‌ను బాగుచేయడానికి జనాన్ని ఎలా కలుపుకోవాలి?

మీ కథీడ్రల్ (బిషప్ పీఠం ఉండే ప్రధాన చర్చి) మరమ్మతుల మీటింగ్‌కు అందరూ వస్తున్నారు, చందాలు మాత్రం రావడం లేదని మీరు రాశారు. మా కథీడ్రల్ మరమ్మతుల కమిటీలో నేను ఆరేళ్లు పనిచేశాను. మొదటి ఏడాది మాదీ ఇదే పరిస్థితి. "మన దేవాలయాన్ని కాపాడుకుందాం" అంటే అందరూ తలూపేవారు, అంతే.

గోడ దగ్గరికి తీసుకెళ్లి చూపించడం మొదలుపెట్టాక మారింది. ఎప్పుడో పాత సున్నపు గోడకు ఎవరో సిమెంటు పూశారు. పైకి నున్నగా ఉండేది. మేస్త్రి సుత్తితో మెల్లగా తడితే డొల్లగా మోగింది. పెచ్చు ఊడదీస్తే లోపల ఇటుక తడితడిగా ఉంది, గోటితో గీస్తే పొడిపొడిగా రాలింది. సున్నం గోడలోని తేమను బయటికి పోనిస్తుంది, సిమెంటు లోపలే బిగించేస్తుంది. ఆ పొడి చేతికి అంటినవాళ్లు మళ్లీ "ఇంత ఖర్చెందుకు" అని అడగలేదు. పూజ అయ్యాక పదిమందేసి చొప్పున పిలిచి చూపించండి.

మొత్తం అంచనా చెప్పి అడిగితే జనం బెదిరిపోతారు. ఈ కిటికీకి ఇంత, ఈ నీటి గొట్టానికి ఇంత అని విడగొట్టి అడగండి. వేరే బ్యాంకు ఖాతా తెరిచి, నెలనెలా జమాఖర్చులు గుమ్మం దగ్గర అతికించండి.

డబ్బు ఇవ్వలేనివాళ్లను పాత పెళ్లి ఫోటోలు తెమ్మన్నాం. మాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. పెళ్లికూతురి వెనకాల పాత బలిపీఠం, ఎప్పుడో పీకేసిన చెక్క కటకటాలు స్పష్టంగా కనిపించాయి. వడ్రంగి వాటిని చూసే కొత్తవి చేశాడు. ఫోటో ఇచ్చిన కుటుంబాలు ఇప్పటికీ వచ్చి ఆ కటకటాలను తడిమి చూస్తుంటారు.

పారిస్‌లోని నోత్రదామ్ కథీడ్రల్ 2019 ఏప్రిల్‌లో కాలిపోతే ప్రపంచమంతా విరాళాలిచ్చింది, 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. కానీ మెల్లగా కారే కప్పుకు అలా ఎవరూ కదిలిరారు. మీరు చూడాల్సింది జర్మనీలోని కొలోన్ కథీడ్రల్‌ను. 1248లో మొదలై మధ్యలో ఆగిపోయిన ఆ కట్టడం కోసం 1842లో పౌరులే సంఘం పెట్టుకున్నారు. 1880లో పూర్తయింది. ఆ సంఘం ఇప్పటికీ దాని నిర్వహణకు డబ్బు సమకూరుస్తోంది.

ఇంకొకటి, రంగులు ముందు వేయిద్దామని ఒత్తిడి తప్పకుండా వస్తుంది. మా దగ్గర పెద్ద వాదనే జరిగింది. ఒప్పుకోకండి. ముందు కప్పు, నీరు పోయే దారి, తర్వాత గోడలు, రంగు చివర్లో. జనానికి చూపించడానికైనా సరే, పాత కట్టడాల పని తెలిసిన ఆర్కిటెక్ట్ వచ్చి చూసేదాకా ఒక్క పెచ్చు కూడా తీయించకండి.