టెక్ సందేహాలు: ఇల్లు మునిగినా రుజువు మునగొద్దు

మిరుగం (మృగశిర కార్తె) దగ్గర పడ్డదంటే నాకొచ్చే ప్రశ్నల తీరు మారిపోతుంది. ఎండాకాలమంతా ఇన్వర్టర్లు, కూలర్లు, ఏ ఫోన్ కొనాలన్న మాటే. ఇప్పుడు కాగితాల మాట. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలామటుకు వరదొస్తే కాగితాలు, సామాను ఏమవుతాయన్న ఒకే భయం కనిపించింది కాబట్టి ఈ వారం చోటంతా దానికే ఇస్తున్నాను.

మొదటిది కోదాడ నుంచి ఒక గృహిణి రాసింది: "సార్, 2024 సెప్టెంబర్ 1 నాడు మా ఇంట్లకు నడుము లోతు నీళ్లొచ్చినయి. బీరువా కింది అరల ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, పిల్లల మెమోలు, ఫ్రిజ్ బిల్లు, బంగారం రసీదులు అన్నీ ముద్దయిపోయినయి. తిరిగి తెచ్చుకున్నవాటికి ఫోన్‌ల ఫొటోలు తీసి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల పెట్టిన. అది సరిపోతదా? వేరే యాప్ ఏమన్న ఉందా?"

అమ్మా, ఫొటోలు తీసిపెట్టుకోవడమే సగం పని, అది మీరు చేసేశారు. కానీ వాట్సాప్ గ్రూపు మీద భరోసా పెట్టుకోకండి. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది. మనిషి ముఖానికైతే తేడా తెలియదు గానీ, దస్తావేజులో సర్వే నంబరు, హద్దులు, స్టాంపు మీది అంకెలు పెద్దగా చేసి చూస్తే అలుక్కుపోతాయి. ఫొటో ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరం కూడా ఫైల్లోంచి పోతుంది. పైగా మీ ఆధార్ ఫొటో ఇప్పుడు గ్రూపులో ఎంతమంది ఉంటే అన్ని ఫోన్లలో తిరుగుతోంది. తప్పనిసరై పంపాల్సి వస్తే 'డాక్యుమెంట్'గా పంపండి, ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది.

కొత్త యాప్ అక్కర్లేదు. మీ ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ డ్రైవ్ ఉంటుంది. అందులో కెమెరా గుర్తు నొక్కితే స్కాన్ మొదలవుతుంది, పేజీ తర్వాత పేజీ తీసుకుంటూ పోతే మొత్తం ఒకే పీడీఎఫ్ అవుతుంది. దస్తావేజు ఒక ఫైలు, పాలసీ ఒక ఫైలు, పిల్లల మెమోలు పిల్లవాడికొకటి. ఫైలుకు పేరు తప్పకుండా పెట్టండి. 'స్కాన్ 47' అని ఉంటే ఆపద రోజు మీకే దొరకదు. ఉచితంగా వచ్చే 15 జీబీ కాగితాలకు ఎక్కువే, కాకపోతే అందులోనే జీమెయిల్, ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ కూడా కూర్చుంటాయి. అది నిండితే కొత్త ఫైలు ఎక్కదు. ముందు పాత వీడియోలు తీసేయండి.

ముందుగా స్కాన్ చేయాల్సినవి షాపు బిల్లులు. నున్నగా మెరిసే కాగితం మీద వచ్చే బిల్లు వేడితో అచ్చయ్యేది, నీళ్లు రాకపోయినా ఏడాది రెండేళ్లలో తెల్లబడుతుంది. జాగ్రత్త చేద్దామని లామినేషన్‌కు ఇస్తే ఆ వేడికి మొత్తం నల్లగా మారుతుంది. అట్లా పాడైన బిల్లులు నేను చాలా చూశాను.

ఇంకొక్కటి. ఇంటి దస్తావేజు నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అన్న మూడు వివరాలు నోటుబుక్కులో రాసుకోండి. అసలు కాగితం పోయినా ఈ మూడింటితో అదే ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. పొలం పట్టా వివరాలకు 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణ సర్కారు భూరికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, అందులో మీ ఖాతా చూసి ఆ పేజీని కూడా పీడీఎఫ్ చేసి పెట్టుకోండి.

తర్వాతి ఉత్తరం మిర్యాలగూడ నుంచి, రైస్‌మిల్లులో గుమాస్తా: "హోమ్‌లోన్ ఇచ్చేటప్పుడు బ్యాంకోళ్లు ఇన్సూరెన్స్ అని పైసలు కట్ చేసిండ్రు. వరదొస్తే అది వస్తదా? ఇంట్ల సామాన్లకు బిల్లులు లేవు, ఉన్నయని ఎట్ల చూపాలె?"

ముందు ఆ పాలసీ కాగితం తెప్పించి చూడండి. లోన్‌తోపాటు కట్ చేసేది చాలాసార్లు అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి చేసే బీమా, ఇంటికి కాదు. ఇంటికే అయితే, అందులో కట్టడానికి ఎంత, సామానుకు ఎంత అని విడిగా ఉందో లేదో చూడండి. గోడలకు మాత్రమే ఉంటే మీ ఫ్రిజ్‌కు, పరుపులకు పైసా రాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ఒకే నమూనా పాలసీ ఉంది, వరద, తుఫాను, భూకంపం అందులోనే వస్తాయి. ఇల్లు, సామాను కలిపి తీసుకుంటే, ఇంటికి రాసిన మొత్తంలో 20 శాతం సామానుకు దానంతటదే వర్తిస్తుంది, గరిష్ఠంగా 10 లక్షలు. అంటే ఇంటికి 25 లక్షలు రాస్తే సామానుకు 5 లక్షలు, వస్తువుల జాబితా ముందుగా ఇవ్వనక్కర్లేదు. బంగారానికి వేరుగా అడిగి చేర్పించుకోవాలి. నగదు, దస్తావేజులు బీమాలో రావు. కాగితాల కాపీ గురించి నేను ఇంతగా పట్టుబట్టేది అందుకే.

ముందు జాబితా అడగరు సరే, నష్టం జరిగాక ఏమేం పోయాయో చెప్పాల్సింది మీరే. అక్కడే మనుషులు చిక్కుకుపోతారు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర పొంగి ఆలంపూర్, రాజోలి మునిగినప్పుడు, ఆ పక్కనే ఉండే మా చిన్నమ్మ వాళ్లింటికి నాలుగో నాడు పోయాను. మిద్దె మీద చాప పరిచి, కాగితాలు ఆరబెట్టి, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో గులకరాయి పెట్టింది. టైపు కొట్టిన కాగితాలు ఎట్లాగో నిలిచాయి, సిరాతో రాసినవి నీలి మరకలై కూర్చున్నాయి. నష్టం రాసుకోవడానికి వచ్చినాయన "ఇంట్ల ఏమేముండె అమ్మా?" అని అడిగాడు. ఇరవై ఏళ్లు ఆ ఇంటిని దిద్దుకున్న మనిషి, వంటింటి నుంచి మొదలుపెట్టి మూడో గిన్నె దగ్గరే ఆగిపోయింది. తర్వాత నెలరోజులు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చేది. "గ్రైండర్ చెప్పనే లేదు కదరా," "మీ బాబాయి రేడియో..." అప్పటికి ఆ కాగితం మండలాఫీసు చేరిపోయింది.

కాబట్టి ఈ ఆదివారం ఒక వీడియో తీయండి. పొద్దున పూట, కిటికీలన్నీ తెరిచి. వీధిలో నిలబడి ఇంటి నంబరు, కరెంటు మీటరు చూపిస్తూ మొదలుపెట్టండి. ఆగకుండా లోపలికి నడవండి. ఒక్కో వస్తువు దగ్గర నోటితో చెప్పండి: "ఇది ఫ్రిజ్, 2022 దసరాకు మిర్యాలగూడలోనే కొన్నం, ఇరవై ఆరు వేలు." టీవీ వెనక, ఫ్రిజ్ లోపలి పక్క, వాషింగ్ మెషిన్ వెనక అంటించిన స్టిక్కర్ మీద మోడల్, సీరియల్ నంబర్లుంటాయి, అక్కడ రెండు సెకన్లు కదలకుండా ఉండండి. బీరువా తలుపులు, అటక, మంచం కింది సందూకు అన్నీ తెరిచి చూపండి. బోరు మోటరు, ఇన్వర్టర్, కుట్టుమిషన్, ఏడాదికి సరిపడా పోసుకున్న బియ్యం బస్తాలు మరవొద్దు, జనం ఎప్పుడూ మరిచేవి ఇవే. ఫుల్ హెచ్‌డీ చాలు, 4కే పెడితే ఫైలు మోయలేనంత అవుతుంది. పాటలు, ఫిల్టర్లు, కత్తిరింపులు వద్దు. తేదీ, ఊరు ఫొటో మీద అచ్చేసే జీపీఎస్ కెమెరా యాప్‌లు మన దగ్గర అందరూ వాడుతున్నారు, తప్పులేదు. కానీ ఆ అచ్చును ఎవరైనా మార్చగలరు. మార్చని అసలు ఫైలు, అది డ్రైవ్‌లోకి ఎక్కిన తేదీ, ఈ రెండూ కలిస్తేనే మీ మాటకు బలం.

బిల్లులు లేవన్నారు. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి పాత ఆర్డర్లలో ఇన్‌వాయిస్ ఇప్పటికీ దిగుతుంది. ఊళ్లో కొన్నవాటికి మీ ఫోన్ నంబరు చెప్పి అడగండి, కంప్యూటర్ బిల్లు ఇచ్చే షాపుల్లో చాలామంది తీసిస్తారు. యూపీఐతో కట్టినా, కార్డుతో కట్టినా బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా రుజువే.

పాలసీ కాగితం కోసం ఇల్లంతా వెతక్కుండా 'ఈ-ఇన్సూరెన్స్ అకౌంట్' తెరవండి. షేర్లను కాగితం లేకుండా దాచే డీమ్యాట్ ఖాతా ఎట్లాగో బీమా పాలసీలకు ఇది అట్లా, రుసుం లేదు. 2024 ఏప్రిల్ నుంచి కొత్త పాలసీలు ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాల్సిందే.

నీళ్లు తగ్గిన రోజు మాట కూడా ఇప్పుడే చెప్పాలి. బురద కంపు తట్టుకోలేక అందరం పరుపులు, సోఫాలు ఈడ్చి రోడ్డు మీద పడేస్తాం. అంతకుముందే ఫోన్ తీయండి. గోడ మీద నీటి చార ఎంత ఎత్తులో ఉందో, పక్కన ఒక మనిషిని నిలబెట్టి ఫొటో తీయండి. కంపెనీకి వెంటనే చెప్పి క్లెయిమ్ నంబరు రాసుకోండి, నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి చూసేదాకా పాడైన సామాను పారేయొద్దు. జవాబు రాకపోతే ఫిర్యాదుకు బీమా నియంత్రణ సంస్థవాళ్ల 'బీమా భరోసా' ఉంది, ఫోన్ 155255.

మహబూబ్‌నగర్ నుంచి రిటైర్డ్ ఉపాధ్యాయుడు ఒకరు ఇలా అడిగారు: "నా కాగితాలన్నీ డిజీలాకర్‌లో అప్‌లోడ్ చేశాను. అవి ఒరిజినల్‌తో సమానమేనా? వరదలో ఫోనే పోతే వాటిని తెరిచేదెట్లా?"

సార్, మొదటిదానికి జవాబు చిన్నదే. కాగితాలు దాచుకోవడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఈ డిజీలాకర్‌లో రెండు అరలు ఉంటాయి. సంబంధిత శాఖ నేరుగా ఇచ్చినవి, అంటే 'ఇష్యూడ్' కింద కనిపించే ఆర్‌సీ, లైసెన్స్ వంటివి, 2016 నాటి నిబంధనల ప్రకారం అసలుతో సమానం. మీరు స్కాన్ చేసి ఎక్కించినవి మాత్రం స్కాన్ కాపీలే. వీలున్న ప్రతిదాన్నీ 'ఇష్యూడ్' వైపు తెచ్చుకోండి.

మీ రెండో ప్రశ్న గురించి మాత్రం నిదానంగా మాట్లాడాలి, ఈ ఉత్తరాలన్నిటిలో నన్ను ఆపింది అదే. జాగ్రత్తపరులైన వాళ్లంతా దెబ్బతినేది ఇక్కడే. కాగితాలు క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో, భద్రంగానే ఉంటాయి. వాటి తాళంచెవి అయిన ఓటీపీ నీళ్లలో పోయిన ఫోన్‌కు వస్తుంది. కొత్త సిమ్ తీసుకోవాలంటే గుర్తింపు కార్డు కావాలి, ఆ కార్డేమో డిజీలాకర్‌లో ఉంది. సిమ్ దొరికినా, మోసాలు జరగకుండా మొదటి 24 గంటలు దానికి ఎస్‌ఎంఎస్‌లు రావు. ఆ ఒక్క రోజే మీకు అన్నీ కావాల్సిన రోజు.

దీనికి మందు ఉంది. డిజీలాకర్‌లో ఉన్నవాటి కాపీలు పైన చెప్పిన గూగుల్ డ్రైవ్‌లో కూడా పెట్టండి. గూగుల్ ఖాతాలో 'టూ స్టెప్ వెరిఫికేషన్' కింద 'బ్యాకప్ కోడ్స్' ఉంటాయి. ఎనిమిదంకెల కోడ్‌లు పది, ఒక్కోటి ఒక్కసారి పనిచేస్తుంది. ఫోన్ లేకపోయినా పాస్‌వర్డ్, ఆ కోడ్ రెండూ ఉంటే ఖాతా తెరుచుకుంటుంది. కోడ్‌లు కాగితం మీద అచ్చు తీసి, నీళ్లు చేరని మరో ఊళ్లో, మీరు నమ్మే మనిషి దగ్గర పెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం ఆ కాగితం మీద వద్దు. ఆధార్, పాస్‌బుక్ జిరాక్స్‌లు కూడా అక్కడే ఉంచితే సిమ్ పని తేలికవుతుంది.

కాగితాల కోసమే వేరే జీమెయిల్ తెరిచి పక్కన పెట్టేసేవాళ్లు ఉన్నారు. రెండేళ్లు ముట్టని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. ఉగాదికొకసారి, దసరాకొకసారి తెరిచి చూడండి. మీకేమైనా అయితే ఖాతా ఎవరికి చేరాలో చెప్పే 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్' కూడా అందులోనే ఉంది. అమ్మగారి పేరో, పిల్లల పేరో ఇవ్వండి.

ఇదంతా అయ్యాక ఒక పరీక్ష పెట్టుకోండి సార్, ఇన్నేళ్లు పిల్లలకు పెట్టినట్టే. మీ ఫోన్ ఆపేసి పక్కింట్లో ఇచ్చేయండి. కోడలి ఫోన్ తీసుకుని మీ ఇంటి దస్తావేజు తెరవండి. తెరుచుకుంటే పాసైనట్టు.

గద్వాల నుంచి ఒకరు తడిసిన హార్డ్‌డిస్క్ గురించి అడిగారు. కరెంటుకు, కంప్యూటర్‌కు అస్సలు కలపకండి. బియ్యంలో పెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు, విప్పొద్దు. తడిగుడ్డలో చుట్టి కవర్లో వేసి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి, బురద లోపల ఎండితేనే ఎక్కువ ప్రమాదం. పెన్‌డ్రైవ్ అయితే మంచినీళ్లతో కడిగి, నాలుగైదు రోజులు నీడన ఆరనిస్తే చాలాసార్లు పనిచేస్తుంది.

వరదలో మునిగిన కారుకు బీమా వస్తుందా అన్న సూర్యాపేట పాఠకుడి ప్రశ్నకు: ఎదుటివాళ్ల నష్టానికి మాత్రమే ఇచ్చే థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే వరద నష్టం రాదు. పూర్తి బీమా ఉన్నా, నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజిన్ దగ్గర పేచీ వస్తుంది. తాళం తిప్పకుండా వీడియో తీసి, టోయింగ్‌కు ఫోన్ చేయండి.

చివరిది దేవరకొండ దగ్గరి తండా నుంచి, డిగ్రీ చదివే అమ్మాయి: "మాది రేకుల ఇల్లు. ఇన్సూరెన్స్ లేదు. నేను హైదరాబాద్‌ల హాస్టల్‌ల ఉంట, అమ్మ దగ్గర బటన్ ఫోన్ ఉంది. మీరు చెప్పేవి మాకేమన్న పనికొస్తయా?"

తప్పకుండా పనికొస్తాయమ్మా. బీమా లేకపోయినా సర్కారు సాయం ఉంటుంది, దానికి రెవెన్యూ వాళ్లు వచ్చి పంచనామా రాసుకోవాలి, డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి. ఈసారి ఊరికి పోయినప్పుడు అమ్మను ఇంటి ముందు నిలబెట్టి, రేకులు, గోడలు, మేకలు అన్నీ కనిపించేలా ఫొటోలు, వీడియో మీ ఫోన్‌తో తీయండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు స్కాన్ చేసి మీ డ్రైవ్‌లో పెట్టండి. అసలువి జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, పైన దండెం కొయ్యకు తగిలించే సంచిలో ఉంచండి, లేచి పోవాల్సి వస్తే అమ్మ చేతికి అందుతుంది. బటన్ ఫోన్ తడిస్తే నంబర్లన్నీ పోతాయి, అమ్మకు ఒక్కటీ నోటికి రాకపోవచ్చు. కాబట్టి అదే సంచిలో ఒక అట్ట ముక్క పెట్టి, బాల్‌పెన్‌తో పెద్ద అంకెలు వేయండి. 112, పంచాయతీ కార్యదర్శి నంబరు, బ్యాంకు నంబరు. అన్నిటికంటే పైన మీది.