ఏఐకి నిన్న చెప్పింది ఇవాళ గుర్తుండాలంటే ఎలా?

ఇందుకూరుపేట దగ్గర మీ వనామి రొయ్యల గుంటల మేత, పీహెచ్, సెలినిటీ (నీటి ఉప్పదనం) రోజూ చెబుతున్నా, కొత్త చాట్ తెరవగానే ఏఐ మళ్లీ మొదటికొస్తోందని కదా మీ ప్రశ్న.

ఏఐ వెనకున్న మోడల్‌కి సొంత జ్ఞాపకం ఉండదండీ. ఆ చాట్‌లో కనబడిందే దానికి లోకం. కాబట్టి జ్ఞాపకాన్ని బయట ఒక ఫైల్‌లోనో డేటాబేస్‌లోనో పెట్టి, అందులో రాయడానికి ఒక టూల్ (మోడల్ పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రామ్), వెతకడానికి ఒక టూల్ ఇవ్వాలి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఇలాంటివి జోడించే ఒక పద్ధతి.

అసలు చిక్కు టూల్ వివరణ దగ్గరే. మామూలుగా మోడల్‌కి లోపలి కోడ్ కనబడదు. టూల్ పేరు, వివరణ, ఏయే వివరాలు ఇవ్వాలన్న పట్టిక, అంతే. ‘సమాచారం దాచు’ అని ముక్తసరిగా రాస్తే మీ పలకరింపులు కూడా దాచేయొచ్చు, లేదా అసలు పట్టించుకోకపోవచ్చు. ఇలా రాయండి: ‘గుంట రీడింగ్ చెప్పినప్పుడే వాడు. గుంట నంబరు, తేదీ, రీడింగ్ తప్పనిసరి. సెలినిటీ పీపీటీలో (వెయ్యికి ఎన్ని వంతులు). పాతది చెరపకు, కొత్త వరుస చేర్చు.’ వెతికే టూల్‌కి, ‘మేత సలహా ఇచ్చేముందు గత వారం రీడింగులు చూడు’ అని. కొత్త గుమాస్తాకి చిట్టా అప్పగించినట్టే అనుకోండి. కాకపోతే ఈ గుమాస్తాకి రోజూ మొదటి రోజే!

దిద్దే టూల్ కూడా ఉండాలి. పీహెచ్ 7.8 బదులు 8.7 అని పడితే, దాని మీదే సలహాలు చెప్పుకుంటూ పోతుంది. ఆధార్, బ్యాంకు నంబర్లు మాత్రం అందులో పెట్టకండి.