తిరుపతిలో చదువుకుంటూ ఎదురుగా కూర్చుని సంగీతం వినాలంటే ఎక్కడికి వెళ్లాలి?

ఎస్వీ యూనివర్సిటీలో పీజీ సీటు వచ్చిందని, పాట కోసం చెన్నై వరకూ పరిగెత్తకుండా తిరుపతిలోనే లైవ్‌గా వినే చోట్లు ఉంటే చెప్పమని అడిగారు. ఉన్నాయి. నేను అదే క్యాంపస్ హాస్టల్లో రెండేళ్లు ఉన్నాను. చేతిలో డబ్బులు లేని రోజుల్లో కూడా పాటకు మాత్రం కరువు రాలేదు. ఇక్కడ మంచి కచేరీలు చాలావరకు టికెట్ లేకుండానే జరుగుతాయి. పాడేవాళ్లు స్వామికి వినిపించడానికి వస్తారు, మనం వెళ్లి పక్కన కూర్చోవచ్చు. అంతే.

మొదట మహతి కళాక్షేత్రం. మహతి అంటే నారదుడి వీణ. టీటీడీ వాళ్ల ఆడిటోరియం ఇది, ఏసీ హాలు. ఊళ్లో పెద్ద కార్యక్రమాలు ఎక్కువగా ఇక్కడే పెడతారు. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ సాయంత్రాలు ఇటువైపు వస్తే గాత్రమో, వేణువో, కూచిపూడో ఏదో ఒకటి దొరుకుతుంది. నా మాట విని స్టేజీకి ఎదురుగా చూస్తే ఎడమ వైపు, ముందు వరుసల్లో కూర్చోండి. మృదంగం వాయించేవాళ్లు సాధారణంగా అటు పక్కనే కూర్చుంటారు, కుడి చెయ్యి మనకు పూర్తిగా కనిపిస్తుంది. పాట మొదలయ్యే ముందే చేరుకుంటే ఇంకా మంచిది. ఎడమ మూతకి తడిపిన రవ్వముద్ద అంటించి, కొంచెం గిల్లి తీసి, మళ్లీ అద్ది, చెవి దగ్గర పెట్టుకుని శ్రుతి చూసుకుంటారు. తర్వాత కుడి అంచు మీద రాయితో చిన్నగా కొడతారు. ఆ పది నిమిషాలు చూశాక నాకు మృదంగం వినడం వచ్చింది. అంతకుముందు అది పాట వెనక వచ్చే చప్పుడు మాత్రమే.

స్పీకర్లకు దూరంగా కూర్చోవడం మరిచిపోవద్దు. ఒకసారి ఒక పెద్ద కార్యక్రమంలో ఆలస్యంగా వెళ్లి స్పీకర్ పక్కన ఇరుక్కున్నాను. రెండు గంటలు వయొలిన్ ఒక్క ముక్క వినపడలేదు, చెవులు మాత్రం మర్నాటి దాకా గింగురుమన్నాయి.

నాకు మహతి కన్నా అన్నమాచార్య కళామందిరం ఇష్టం. ఇది కొంచెం పాతది, చిన్నది. అన్నమయ్య కీర్తన ఇక్కడ వింటే ఎందుకు వేరుగా ఉంటుందో చెప్పాలి. ఆయన సంకీర్తనలు రాగిరేకుల మీద కొండ మీద గుడిలోని సంకీర్తన భండారంలో శతాబ్దాలు ఉండిపోయాయి. రేకుల మీద రాగం పేరు ఉంటుంది కానీ స్వరం ఉండదు. అంటే మనం ఈరోజు పాడుకునే వరసల్లో చాలావరకు గత డెబ్బై ఎనభై ఏళ్లలో కట్టినవే. రేకుల మీది పాటలను పరిష్కరించి అచ్చుకు తెచ్చిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, వాటిలో చాలావాటికి వరసలు కట్టిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు పనిచేసిన ప్రాచ్య పరిశోధన సంస్థ ఇప్పుడు మీ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఉంది. రేపు మీరు క్లాసుకు పోతూ ఆ భవనం దాటితే ఒక్క క్షణం ఆగండి. 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు మొదలయ్యాక నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు ఇంకా వందల పాటలకు వరసలు కట్టారు. బాలకృష్ణప్రసాద్ గారు ఈ ఊళ్లోనే ఉండి, ఈ ఊళ్లోనే 2025 మార్చిలో కన్నుమూశారు. ఆయన పాడుతుంటే ఎదురుగా నేల మీద కూర్చుని విన్నాను నేను. గొంతు పెద్దది చేసేవారు కాదు, పక్కింటి పెద్దాయన మనకు చెబుతున్నట్టు పాడేవారు. ముందు వరుసలో ఉన్న పూలమ్ముకునే ఆవిడ దండ గుచ్చడం ఆపకుండానే పెదాలు కదుపుతూ కలిసి పాడుతోంది. ఒక్క మాట కూడా తప్పలేదు.

ఫాల్గుణ బహుళ ద్వాదశి అన్నమయ్య వర్ధంతి, సాధారణంగా మార్చిలో వస్తుంది. ఆ రోజుల్లో పరీక్షలున్నా సరే ఒక పూట మిగుల్చుకోండి. అలిపిరి పాదాల మండపం దగ్గర మెట్లోత్సవం చేస్తారు, భజన బృందాలు పాడుకుంటూ మెట్లెక్కుతాయి. సప్తగిరి సంకీర్తనల గోష్ఠిగానం అంటే ఏడు కీర్తనలు అందరూ కలిసి పాడడం. రానివాళ్లు కూడా గొంతు కలపొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

కోదండరామస్వామి గుడికి చెందిన రామచంద్ర పుష్కరిణి దగ్గర కూడా సాయంత్రాలు పాట, హరికథ పెడుతుంటారు. ఆరుబయట, గాలికి హాయిగా ఉంటుంది.

కొండ మీద నాదనీరాజనం వేదిక సంగతి మీకు తెలిసే ఉంటుంది, టీవీలో చూసి ఉంటారు. గుడికి ఎదురుగా, సాయంత్రం. టీవీలో రానిది ఒకటుంది: పాట మధ్యలో ఎక్కడి నుంచో గోవిందా అన్న కేక వస్తుంది, పాడేవాళ్లు దాన్ని తాళంలోనే కలిపేసుకుని ముందుకు పోతారు. అంతకు ముందే సహస్రదీపాలంకరణ సేవ జరుగుతుంది. స్వామి ఊయల దగ్గర వేదం, నాదస్వరం, అన్నమయ్య పాట ఒకదాని వెనక ఒకటి వస్తాయి. సేవా టికెట్ లేకపోయినా ఆ మండపం గుడి బయటే కాబట్టి కొంచెం దూరంగా నిలబడి వినొచ్చు. నాదస్వరం అంటే పెళ్లిలో బంతి దగ్గర వాయించేదని అనుకునేవాళ్లు తప్పక వినాలి. తిరుపతిలో దానికీ డోలుకీ వేరే పాఠశాలే ఉంది. ఎస్వీ సంగీత నృత్య కళాశాల కూడా ఉంది కదా, అక్కడి పిల్లల కార్యక్రమాలను చిన్నచూపు చూడకండి. నాకు బాగా గుర్తున్న ఒక తోడి రాగం అక్కడి విద్యార్థి పాడిందే.

కార్తీకంలో తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలకు అక్కడి ఆస్థాన మండపంలో కచేరీలుంటాయి. ఊరికి దగ్గరే, ఆటోలో పోయి రావచ్చు.

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా చెబుతారు. మీరు సంగీతం అని అడిగారు కాబట్టి ఇంకో రెండు చెప్పకపోతే సగం చెప్పినట్టే.

ఒకటి, తాతయ్యగుంట గంగమ్మ జాతర. మే నెలలో వారం రోజులు. గంగమ్మను వెంకన్న చెల్లెలంటారు, కొండ మీద నుంచి ఆమెకు సారె వస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం... రోజుకో వేషం వేసుకుని జనం వీధుల్లోకి వస్తారు, మగవాళ్లు చీరలు కట్టుకుంటారు. సందు మొదట్లో చిన్న మంట వేసి పలకలు, అంటే డప్పులు, కాచుకుంటూ ఉంటారు. చర్మం వేడెక్కి బిగిసేదాకా వేలితో తట్టి తట్టి చూస్తారు. కచేరీలో మృదంగానికి చేసిన శ్రుతి చూడడం లాంటిదే ఇదీ. మోత మొదలైతే గుండెల్లో కొట్టినట్టే ఉంటుంది. ఈ వాయిద్యానికి శాలువాలు కప్పేవాళ్లు తక్కువ, అదే నా బాధ. చెయ్యి తిరిగిన వాళ్లు ఎంతమందో ఉన్నారు.

రెండోది భారతం. ఎండాకాలంలో చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం, హార్మోనియం, మద్దెల. అర్జున తపస్సు రోజున తపసుమాను అనే ఎత్తైన స్తంభం నిలబెడతారు. అర్జునుడి వేషగాడు ఒక్కో మెట్టుకీ ఒక పద్యం పాడుతూ పైకి ఎక్కుతాడు. కింద పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడి బట్టలతో ఉంటారు, పైనుంచి అతను విసిరే నిమ్మకాయల కోసం కొంగు పట్టుకుని. మైకు లేకుండా అంత ఎత్తు నుంచి రాగం తీస్తే పొలాల అవతలికి వినిపిస్తుంది. హాస్టల్లో చుట్టుపక్కల పల్లెల పిల్లలు తప్పకుండా ఉంటారు. మీ ఊళ్లో భారతం ఎప్పుడు అని ఏప్రిల్లోనే అడిగి పెట్టుకోండి. వాళ్లే ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టి మరీ చూపిస్తారు.

వెళ్లేటప్పుడు కింద పరుచుకోవడానికి ఒక దుప్పటి పట్టుకెళ్లండి, తెల్లవారుజామున చలి వేస్తుంది.