హైదరాబాద్–డాలస్ ప్రయాణం: పన్నెండున్నర గంటలు కాదు, ఇరవై మూడు

హైదరాబాద్‌లో తెల్లవారుజామున 3:30కి ఎక్కితే దోహా మీదుగా అదే రోజు సాయంత్రం 4:00కి డాలస్‌లో దిగుతారని మీ అమ్మానాన్నల టికెట్‌లో ఉంది, ప్రయాణం పన్నెండున్నర గంటలేనా అని అడిగారు. కాదండీ. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. 12:30కి 10:30 కలిపితే 23 గంటలు. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా 11:30 అవుతుంది, అప్పుడు అది కలపాలి.

దూరం విషయానికొస్తే, గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి కొలవకండి. భూమి గుండ్రం కాబట్టి దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది, సుమారు 14,400 కి.మీ. దోహా మీదుగా అయితే 2,900, ఆపైన 12,750. గంటకు 870 కి.మీ. చొప్పున భాగించి, విమానం రన్‌వే దాకా వెళ్లడం, గాల్లోకి లేవడం, కిందికి దిగడం కోసం ఒక్కోదానికి అరగంట కలపండి. పడమటికి వెళ్లేటప్పుడు ఎదురుగాలి ఉంటుంది, దానికోసం దోహా దాకా ఇంకో పాతిక నిమిషాలు, అక్కణ్నుంచి డాలస్ దాకా ముప్పావు గంట వేసుకోండి. అలా మొదటి విమానం సుమారు 4:15, రెండోది 16:00, మధ్యలో దోహాలో ఆగేది 2:45, మొత్తం 23 గంటలు. తిరుగు ప్రయాణంలో గాలి వెనకనుంచి తోస్తుంది, అందుకే తక్కువ సమయం పడుతుంది.

రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయో లేదో తప్పక చూడండి. విడివిడి టికెట్లయితే ఆ 2:45 చాలదు. వీల్‌చెయిర్ ఇప్పుడే అడిగి పెట్టండి. మందులు చేతి సంచిలోనే ఉండాలి. బీపీ, షుగరు మాత్రలు ఏ గంటకు వేసుకోవాలో 23 గంటల లెక్క చెప్పి డాక్టరు గారితో రాయించుకోండి.